ప్రకటన పలకని మాట

తెలుగు పండితుడికి వ్యాపార ప్రకటనలతో ఏమి పని అని చదువరులకు సందేహం రావచ్చు. ముప్పై ఏళ్ళకు పైబడి బడిపిల్లలకు వ్యాకరణం, ఛందస్సు, అలంకారాలు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాడిని. మాటకు అర్థం ఎక్కడినుండి వస్తుంది, చెప్పిన మాట వెనుక చెప్పని మాట ఎలా నిలుస్తుంది అన్నది మా శాస్త్రానికి మూలమైన ప్రశ్న. ఆ ప్రశ్నను ఈనాడు కవులకంటె ఎక్కువ శ్రద్ధగా పట్టించుకొంటున్నవారు ప్రకటనలు వ్రాసేవారు. అందుచేత ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే అధికారం తెలుగు పండితుడికి కూడా ఉన్నదని నా నమ్మకం.

నేనుండే అమీర్‌పేటలో గోడకు గోడ ఒక వాచకం. మైత్రీవనం దగ్గర నిలబడి ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు తల ఎత్తి చూస్తే అంతస్తు అంతస్తుకూ పది బోర్డులు. జావా, పైథాన్, డేటా సైన్సు శిక్షణ. వాటి పక్కన మహిళల హాస్టలు. దాని పక్కన జుట్టు మొలిపిస్తామనే వైద్యశాల. దాని క్రింద బ్యూటీ పార్లరు. పంజాగుట్ట వైపు నాలుగడుగులు వేస్తే పట్టుచీరలు, బంగారు నగలు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చిన తరువాత స్తంభాలు సైతం పుటలయ్యాయి. మియాపూరు నుండి వచ్చే ఎర్ర మార్గం, నాగోలు నుండి వచ్చే నీలి మార్గం కలిసేది ఇక్కడే కాబట్టి పుటలకు తగినంతమంది పాఠకులూ ఉన్నారు. వారిలో అధికులు ఇరవై, ఇరవైరెండేళ్ళ పిల్లలు. శ్రీకాకుళం నుండి, ఆదిలాబాదు నుండి, అనంతపురం నుండి ఒక సూట్‌కేసుతో వచ్చి, మూడు నెలల కోర్సులో చేరి, ఉద్యోగం కోసం ఎదురుచూసేవారు. తన మీద తనకు నమ్మకం ఇంకా కుదురుకోని వయస్సు అది. ఆ వయస్సు ఎదుట ఈ బోర్డులు ఏమి చెబుతున్నాయన్నది చిన్న విషయం కాదు.

నా పూర్వ శిష్యుడొకరి కుమార్తె ఇక్కడే హాస్టలులో ఉంటూ ఎంబీఏ చదువుతోంది. మార్కెటింగు ఆమె ప్రత్యేక విషయం. ప్రకటనలలో స్త్రీపురుషులను చూపే తీరు, అది చూసేవారు తమను గురించి తాము ఏర్పరచుకొనే అభిప్రాయం మీద వేసే ముద్ర - ఇది ఆమె ప్రాజెక్టు. ప్రశ్నావళిని తెలుగు చేయించుకోవటానికి నా దగ్గరకు వచ్చేది. “మాస్టారూ, స్టీరియోటైప్ అంటే తెలుగులో ఏమనాలి?” అని అడిగింది. “మూస అను తల్లీ” అన్నాను. కంసాలి బంగారం కరిగించే మూస నుండి, పోత పోసే అచ్చు నుండి వచ్చిన మాట. చిత్రమేమంటే ఆ ఆంగ్ల పదం పుట్టిందీ అచ్చు పనిలోనే. అక్షరాలన్నీ కలిపి ఒకే పలకగా పోతపోసే పద్ధతికి పెట్టిన పేరది. ఒకసారి పోత పోశాక అందులో ఒక్క అక్షరమైనా మార్చటానికి వీలుండదు. మనుష్యులను గురించి అలా పోతపోసిన అభిప్రాయమే మూస.

ఆమె తన శాస్త్రాన్ని దాచుకోకుండా చెప్పింది. మార్కెట్టును వర్గాలుగా విడదీయటం, వాటిలో ఒక వర్గాన్ని గురిపెట్టటం, ఆ వర్గంవారి మనస్సులో తమ వస్తువుకు ఒక చోటు సంపాదించటం - ఈ మూడు మెట్లూ మొదటి ఏడే చెబుతారట. “మూస మాకు దగ్గరి దారి మాస్టారూ. ఇరవై, ముప్పై సెకన్లలో కథ చెప్పాలి. వంటగదిలో ఒకామెను నిలబెడితే ఆమె తల్లి అని వేరే చెప్పనక్కరలేదు. టై కట్టిన ఆయన తలుపు తీసుకొని వస్తే సంపాదించేది ఆయనే అని చెప్పనక్కరలేదు. మూస వద్దంటే పాత్రను పరిచయం చెయ్యటానికే సగం సమయం అయిపోతుంది” అన్నది.

న్యాయమైన మాటే. మా కావ్యాలలోనూ ఇటువంటి దగ్గరి దారులున్నాయి. వాటిని కవిసమయాలంటాం. చకోరం వెన్నెల త్రాగుతుంది, హంస పాలను నీళ్ళను వేరుచేస్తుంది. కవి వాటిని నిరూపించనక్కరలేదు, పాఠకుడు ప్రశ్నించనక్కరలేదు. అయితే వెన్నెల త్రాగకపోయినందుకు ఏ చకోరమూ చిన్నబుచ్చుకోదు. వంటగదిలో నిలబెట్టిన స్త్రీ సంగతీ, రంగు తక్కువని చూపిన అమ్మాయి సంగతీ అటువంటివి కావు. వాళ్ళు ఆ కవిసమయాన్ని చదవగలరు. చదివి, తమకు అన్వయించుకోగలరు.

ఇంతమాత్రాన ప్రకటనలన్నీ పాపమని నేననను. అనటానికి తెలుగువాడికి నోరు రాకూడదు. మన సాహిత్యం ప్రకటనల ఉప్పు తిన్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. ఆ రాబడి అండతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. అది 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో ‘భారతి’ పుట్టింది. తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో ఎందరి కథలు, కవితలు, పరిశోధనలు అచ్చయ్యాయో సాహిత్య చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అలాగే స్త్రీల ఆరోగ్యానికి ‘లోధ్ర’ అనే మందు చేసిన వైద్యులు కె.ఎన్. కేసరిగారు 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రిక స్థాపించారు. 1934లో తొలి గృహలక్ష్మి స్వర్ణకంకణం కనుపర్తి వరలక్ష్మమ్మగారికి దక్కింది. పత్రిక పేరులోనే ఒక మూస ఉన్నమాట నిజం. స్త్రీ ఇంటికి లక్ష్మి అని. కాని ఆ మూస పేరుతోనే ఒక రచయిత్రి చేతికి కంకణం తొడిగిన మాట కూడా నిజమే.

అమృతాంజనానికీ, ఈ వ్యాసంలో నేను ఆక్షేపిస్తున్న ప్రకటనలకూ భేదం ఒక్కటి. తలనొప్పి ప్రకటన చూడకముందే మనిషికి ఉన్నది. ప్రకటన వచ్చి, “దీనికి మందు ఉన్నది” అన్నది. మరొక జాతి ప్రకటన ఉన్నది. అది ముందు నొప్పిని పుట్టించి, తరువాత మందు చూపుతుంది. ఈ మాట అంటే మా అమ్మాయి ఇంకొక గుట్టు విప్పింది. “తలనొప్పి తగ్గితే డబ్బా అటక ఎక్కుతుంది మాస్టారూ. తీరని కొరత అయితే డబ్బా అయిపోగానే మరొకటి కొంటారు. వ్యాపారానికి రెండోదే లాభం.” రంగు అటువంటి కొరత. ఎంత పూసినా ఇంకొంచెం తెల్లగా ఉన్నవారు ఎదురుగా కనబడుతూనే ఉంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మాటకు మూడు శక్తులున్నాయని అలంకారశాస్త్రం. పదం నేరుగా ఇచ్చే అర్థం అభిధ. నేరు అర్థం పొసగనప్పుడు దానికి దగ్గరగా ఉన్న మరో అర్థాన్ని తెచ్చుకోవటం లక్షణ. ఈ రెండూ అయిపోయాక కూడా గంట మ్రోగిన తరువాతి నాదంలా మిగిలే అర్థం వ్యంజన. తొమ్మిదవ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో కావ్యానికి ప్రాణం ఇదే అన్నాడు. తరగతిలో దీనికి ఒక తేలిక ఉదాహరణ చెప్పేవాళ్ళం: ప్రొద్దు గ్రుంకింది. ఈ మాట విని పశులకాపరి మందను ఇంటికి తోలాలనుకొంటాడు. దొంగ, బయలుదేరే వేళ అయిందనుకొంటాడు. భర్త కోసం చూసే ఇల్లాలు ఇంకా రాలేదేమని దిగులుపడుతుంది. చెప్పినవాడు ఇవేవీ చెప్పలేదు. విన్నవారు తమ తమ స్థితిని బట్టి పూరించుకొన్నారు.

ఈ ఉదాహరణ ఇంత సూటిగా మళ్ళీ ఎదురవుతుందని నేననుకోలేదు. మా అమ్మాయికి వేసవి ప్రాజెక్టుగా ఈ చుట్టుపక్కల ఒక చిన్న బ్యూటీ పార్లరు దొరికింది. దాని పేరుతో మనకు పనిలేదు. యజమానురాలు హాస్టలు పిల్లల కోసం ఒక ఫ్లెక్సీ కట్టించాలనుకొన్నది. మాటలు ఆవిడే నిర్ణయించింది: “రేపు ఇంటర్వ్యూ ఉందా?” అంతే. క్రింద ఒక అమ్మాయి ముఖం, సగం నీడలో, సగం వెలుగులో. నీడ సగం చామనఛాయ, వెలుగు సగం తెలుపు. ఆ క్రింద ఫోను నంబరు.

ఇందులో అభిధ ఏమిటి? ఇంటర్వ్యూ ఉన్నదా అని ఒక మర్యాద ప్రశ్న. ఏ న్యాయస్థానానికి తీసుకువెళ్ళినా దీనిలో తప్పుమాట చూపలేము. యజమానురాలు కూడా అదే అన్నది: “నేను ఏం తప్పు రాయించానమ్మా? ఒక్క చెడ్డ మాట ఉందా అందులో?” లేదు. కాని దాన్ని చదివే అబ్బాయి, “అవును, క్షవరం చేయించుకోవాలి” అనుకొంటాడు. పచ్చని ఛాయ గల అమ్మాయి, “కాస్త శుభ్రంగా తయారవాలి” అనుకొంటుంది. ఆరు నెలలుగా కోర్సు చదివి, మూడుచోట్ల ఇంటర్వ్యూ తప్పి, నాలుగోదానికి వెళ్ళబోతున్న నల్లని పిల్ల ఏమనుకొంటుంది? “నాకు ఉద్యోగం రాకపోవటానికి కారణం ఇదన్నమాట” అనుకొంటుంది. ఆ వాక్యం ఫ్లెక్సీ మీద లేదు. ఆమె మనస్సులో ఆమె గొంతుతోనే పలికింది.

వ్యాకరణంలో పురుషలు మూడు: ప్రథమ, మధ్యమ, ఉత్తమ. ప్రకటన ప్రథమ పురుషలో నడుస్తుంది. ఎవరో ఒక అమ్మాయి, ఆమె ముఖం, ఆమె ఉద్యోగం. వినేవారిలో అది ఉత్తమ పురుషగా మారుతుంది. నేను, నా ముఖం, నా ఉద్యోగం. మధ్యలో ఉండవలసిన మధ్యమ పురుషను ఎవరూ ఉచ్చరించరు. “నువ్వు నల్లగా ఉన్నావు, అందుకే పనికిరావు” అని ఎవరైనా ముఖం మీద అంటే ఆ పిల్ల తిరగబడేది. కనీసం ఏడ్చి, అన్నవాడిని తిట్టుకొనేది. ఎవరూ అనలేదు కాబట్టి ఎవరిని తిట్టాలి? తన బుద్ధికే తట్టిన సత్యం అనుకొని నమ్ముతుంది. ప్రకటన చేసే గాయం ఇక్కడ ఉన్నది. బయటివాడి మాట తన మాట అయిపోవటం. మనం ఆత్మన్యూనత అనేది చాలావరకు ఇలా తయారయినదే.

మన చట్టాలు, నిబంధనలు ఈ నలభై యాభై ఏళ్ళలో ఏమి చేశాయో చూస్తే నా మాట స్పష్టమవుతుంది. హిందుస్తాన్ లీవర్ సంస్థ 1975లో ఫెయిర్ అండ్ లవ్లీని మార్కెట్టులోకి తెచ్చింది. స్త్రీలను అసభ్యంగా చూపటాన్ని నిషేధించే చట్టం 1986లో వచ్చింది. తెల్లబడే క్రీము ప్రకటనకు ఆ చట్టంతో పేచీ లేదు. అందులోని అమ్మాయి నిండుగా చీర కట్టుకొని, తండ్రి కంట తడి తుడిచి, ఉద్యోగం సంపాదించుకొని వస్తుంది. అసభ్యత ఏదీ? అభిధలో ఏదీ లేదు.

ప్రకటనల పరిశ్రమ 1985లో తనకు తానే ఒక ప్రమాణాల మండలిని ఏర్పరచుకొన్నది. దానిని కూడా ఆస్కీ అనే అంటారు. మన ఖైరతాబాదు బెల్లా విస్టాలోని ఆస్కీ వేరు, ఇది వేరు. ఈ మండలి 2014లో తెలుపు క్రీముల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. నల్లని చర్మం గలవారిని అందవిహీనులుగా, దిగులుపడేవారుగా, పెళ్ళికి గాని ఉద్యోగానికి గాని పనికిరానివారుగా చూపరాదన్నది వాటి సారం. ఇక్కడ మొదటిసారి వ్యంజనను పట్టుకొనే ప్రయత్నం కనబడుతుంది. మాట ఒక్కటే కాక, చూపిన కథ కూడా లెక్కలోకి వచ్చింది. మంచిదే. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ, 1954 నాటి మందుల ప్రకటనల చట్టానికి ప్రతిపాదించిన సవరణ ముసాయిదాలో చర్మం తెల్లబరుస్తామనే ప్రకటనలను కూడా చేర్చింది. అదే ఏడు జూన్, జూలై నెలలలో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్యానంతరం ప్రపంచమంతటా చర్మవర్ణ వివక్ష మీద చర్చ రేగిన సమయంలో, ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని ఫెయిర్‌ను తీసివేసి గ్లో అండ్ లవ్లీ అయింది. తెలుపు పోయి కాంతి వచ్చింది.

పండితుడిగా నాకు ఇక్కడ ఒక సందేహం. నలభై అయిదేళ్ళు ఒక డబ్బాను చూసి ‘తెలుపు’ అని అర్థం చేసుకొన్న జనం, పేరు మారిన మరునాడు అదే డబ్బాను చూసి వేరే అర్థం చేసుకొంటారా? పర్యాయపదం మార్చినంత మాత్రాన ధ్వని మారదు. కాంతి అన్న మాట చెడ్డది కాదు. కాని ఇన్నేళ్ళ అలవాటు వల్ల ఆ డబ్బా మీద కాంతి అంటే తెలుపనే వినబడుతుంది.

దీనికి మించిన ఉదాహరణ పురుషుల క్రీముది. ఇమామీ సంస్థ 2005లో ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ ప్రవేశపెట్టింది. షారుఖ్ ఖాన్ దానికి ప్రచారం చేశారు. ఢిల్లీలో ఒక వినియోగదారుడు ఆ క్రీము వాడి తాను తెల్లబడలేదని 2013లో ఫిర్యాదు చేస్తే, 2024 డిసెంబరులో జిల్లా వినియోగదారుల కమిషను ఆ ప్రకటన తప్పుదోవ పట్టించేదని తేల్చి 14.5 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. తరువాత ఆ క్రీము పేరు కూడా మారింది. తీర్పు సరైనదే అనుకొందాం. అందులోని తర్కం గమనించండి. తెల్లబడతావని మాట ఇచ్చి తెల్లబరచలేదు, అది దోషం. ఒకవేళ నిజంగానే తెల్లబరిచి ఉంటే? అప్పుడు ఫిర్యాదు లేదు, దోషమూ లేదు. తెల్లబడితేనే మగవాడు అందగాడు అన్న మాటను కోట్లమంది చెవిలో వేసినందుకు శిక్ష ఏ చట్టంలోనూ లేదు. చట్టం చేతికి అందేది అభిధ. వ్యంజన దాని వేళ్ళ సందున జారిపోతుంది.

పురుషుల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మూస స్త్రీకే అనుకోవటం పొరపాటు. పంజాగుట్ట పొడుగునా ఉన్న నగల బోర్డులు చూడండి. పెళ్ళికూతురు ఒంటి నిండా బంగారంతో ఉంటుంది. పక్కన తండ్రి చెమ్మగిల్లిన కళ్ళతో నవ్వుతూ ఉంటాడు. చూసేవారికి ముచ్చట. కాని కూతురికి అంత పెట్టలేని తండ్రి ఆ దారినే సిటీ బస్సులో పోతున్నాడు. అతడికి ఆ బోర్డు, “ప్రేమ ఉంటే పెట్టేవాడివే” అని ధ్వనిస్తుంది. శిక్షణ సంస్థల కరపత్రాలలో టై కట్టి, చేతులు కట్టుకొని, ధీమాగా నిలబడే యువకుడిని చూసి, నత్తిగా మాట్లాడే పల్లెటూరి అబ్బాయి కుంచించుకుపోతాడు. పాతికేళ్ళకే జుట్టు పలుచబడినవాడు వైద్యశాల బోర్డు మీది రెండు తలకాయల బొమ్మ చూసి, తాను ‘ముందు’ బొమ్మనని నిశ్చయించుకొంటాడు. మగవాడు దీనిని పైకి చెప్పుకోడు. చెప్పుకోకూడదన్నది మరొక మూస.

“ప్రకటన సమాజానికి అద్దం మాత్రమే, సమాజంలో లేనిదాన్ని మేము తెచ్చిపెట్టలేదు” అని వ్యాపారవర్గాల వాదన. ఇందులో సగం నిజం ఉన్నది, దానిని ఒప్పుకోవాలి. రంగు పిచ్చి క్రీముల కంటె పాతది. నీలమేఘశ్యాముడని రాముడికి మ్రొక్కి, ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె మేనిఛాయ వల్ల వచ్చిందని పురాణంలో విని, ఇంటికి వచ్చి ‘పిల్ల తెల్లగా ఉండాలి’ అని వివాహ ప్రకటన వ్రాయించిన జాతి మనది. చామన అన్న మాట శ్యామ శబ్దానికి వికృతి. శ్యామ అని సంస్కృతంలో అంటే అందం, చామనఛాయ అని తెలుగులో అంటే సంబంధం కుదరదేమోనన్న బెంగ. బారసాలనాడే ‘రంగు కాస్త తక్కువైనా ముఖం కళగా ఉంది’ అని చుట్టాలు దీవిస్తారు. ఆ ‘అయినా’ అన్న మాట పిల్లతోపాటే పెరుగుతుంది.

మిగిలిన సగం మాత్రం ఒప్పుకోలేను. అద్దం ఎదురుగా ఉన్నవారిని చూపుతుంది. ప్రకటన ఎదురుగా లేనివారిని చూపి, వారితో మనల్ని పోల్చుకొమ్మంటుంది. పైగా ఇంట్లో అమ్మమ్మ అన్న మాటకు ఆ వీధి వరకే చలామణి. దానికి లక్షల రూపాయల పెట్టుబడి, సినిమా తార ముఖం, రోజుకు ఇరవైసార్లు పునరుక్తి తోడైతే అది లోకోక్తి అవుతుంది. కావ్యంలో పునరుక్తి దోషం. ప్రకటనకు అదే బలం.

మరి చేయవలసినదేమిటి? నిబంధనలు వద్దని నేననను. 2022 జూన్‌లో ఆ ప్రమాణాల మండలి స్త్రీపురుష మూసల మీద కూడా మార్గదర్శకాలు వెలువరించింది. స్త్రీ ఇల్లు తుడుస్తున్నట్లు చూపవచ్చు, కాని ఆ పని ఎప్పటికీ స్త్రీదే అని గాని, ఆమెకు వేరే దారి లేదని గాని ధ్వనింపరాదట. మూసకు ఒదగనివారిని ఎగతాళి చెయ్యరాదట. ఆలోచించి వ్రాసినవారెవరో వ్యంజన తెలిసినవారే. కాని ధ్వనిని పసిగట్టి ఫిర్యాదు చేసేవారుంటేనే అటువంటి నియమం పనిచేస్తుంది. అమీర్‌పేట సందులోని ఫ్లెక్సీ మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

ధ్వనిని ధ్వనితోనే జయించాలి. ఆ పని చేసినవారూ ఉన్నారు. 2015లో ఏరియల్ సబ్బుపొడివారు బట్టలుతకటం ఆడవారి పనేనా అని అడిగి, ఇంటిపనిని పంచుకొమ్మన్నారు. సబ్బుపొడి అమ్ముకోవటానికే అడిగారు, సందేహం లేదు. అయినా ఆ ప్రశ్న ఇళ్ళలోకి వెళ్ళింది. 1990లలో క్యాడ్‌బరీ చాక్లెట్టు ప్రకటనలో ఆటగాడు సిక్సరు కొడితే అమ్మాయి మైదానంలోకి నాట్యం చేస్తూ పరుగెత్తింది. 2021లో అదే ప్రకటనను మళ్ళీ తీశారు. ఈసారి ఆడింది అమ్మాయి, పరుగెత్తింది అబ్బాయి. ఉపన్యాసం లేదు. కర్త మారాడు, అంతే. ‘ఫిదా’లో మన బాన్సువాడ పిల్లగా మెప్పించిన సాయిపల్లవి తెలుపు క్రీము ప్రకటనకు నిరాకరించానని 2019లో బహిరంగంగానే చెప్పింది. ఆమె వెళ్ళని ఆ ప్రకటన కూడా ఎందరో ఆడపిల్లలకు ఒక మాట చెప్పింది.

మా అమ్మాయి ఏమి చేసిందో కూడా చెప్పాలి. పార్లరు యజమానురాలు దుష్టురాలు కాదు. అప్పు చేసి దుకాణం పెట్టుకొని, నలుగురు స్త్రీలకు జీతమిస్తున్న మనిషి. ఆవిడకు గిరాకీ కావాలి. అమ్మాయికి మార్కులు కావాలి, ఆ మార్కులు పెరిగిన గిరాకీ లెక్కతో ముడిపడి ఉన్నాయి. “ధ్వని సంగతి పరీక్షలో చెప్పలేను కదా మాస్టారూ” అన్నది. రెండు రోజులు హాస్టలు పిల్లలతో మాట్లాడి వచ్చింది. వారికి నిజంగా ఉన్న ఇబ్బంది రంగు కాదు, సమయం. ఇంటర్వ్యూ పొద్దున తొమ్మిదికి, పార్లరు తెరిచేది పదికి. అప్పుడు ఆమె వ్రాసిన మాటలు ఇవి: “ఇంటర్వ్యూ ఉన్న రోజు ఉదయం ఏడింటికే తెరుస్తాం. జుట్టు, త్రెడింగ్, చీరకట్టు - నలభై నిమిషాల్లో.” ముఖం బొమ్మ లేదు. నొప్పి ముందే ఉన్నది, మందు ఇదిగో అన్నది. అమృతాంజనం మార్గం. యజమానురాలు పూర్తిగా ఒప్పుకోలేదు. పాత ఫ్లెక్సీని ముందువైపు అలాగే ఉంచి, కొత్త మాటలను హాస్టళ్ళలో పంచే కరపత్రం మీద వేయించింది. ఏది ఎక్కువ గిరాకీ తెస్తుందో లెక్క ఇంకా తేలలేదు. తేలిన లెక్క ఎలా ఉన్నా, ఆ కరపత్రం చదివిన ఏ పిల్లా తనను తాను తక్కువ అనుకోదని మాత్రం నేను చెప్పగలను.

మార్కెటింగు చదివే పిల్లలు ఈ ఊళ్ళో వేలమంది ఉన్నారు. రేపటి బోర్డులు వ్రాసేది వాళ్ళే. వాళ్ళకు నేను చెప్పగలిగినది మూడు ప్రశ్నలు. నేను వ్రాస్తున్న ఈ వాక్యానికి కర్త ఎవరు, కొనేవారా, లేక వారిని చూసి తీర్పు చెప్పేవారా? నేను మందు చూపుతున్న నొప్పి నా ప్రకటనకు ముందే ఉన్నదా? నేను చెప్పక వదిలిన మాటను, చదివేవారు ‘నేను’ అని మొదలుపెట్టి ఎలా పూరించుకొంటారు? మూడో ప్రశ్నకు జవాబును కాగితం మీద వ్రాసుకొని, పైకి చదివి చూడాలి. తన చెల్లెలి నోటివెంట ఆ వాక్యం వినటానికి సిగ్గుపడితే ఆ ప్రకటనను అక్కడితో ఆపాలి.

నా తోటి తెలుగు ఉపాధ్యాయులకు ఒక మనవి. ధ్వనిని పరీక్షకోసం వల్లె వేయించటం చాలించండి. పిల్లలను వీధిలోకి తీసుకువెళ్ళి ఒక బోర్డు ఎదుట నిలబెట్టండి. ఇందులో వాచ్యార్థం ఏది, వ్యంగ్యార్థం ఏది, దాన్ని పూరించింది ఎవరు అని అడగండి. పదో తరగతి పిల్ల ఒకసారి ఆ ముడి విప్పటం నేర్చుకొంటే, తరువాత ఏ పంజాగుట్ట కూడలిలో నిలబడినా ఆ బోర్డు గొంతు వేరు, తన గొంతు వేరు అని గుర్తుపట్టగలదు. తల్లిదండ్రులకు మనవి మరీ చిన్నది. పిల్లను దీవించేటప్పుడు ఆ ‘అయినా’ అన్న ఒక్క మాటను మానివేయండి.

స్వస్తి.